నాంచారమ్మ పోసిన నీళ్లు

కొత్తగా ఉపదేశి పనిలో చేరే కుర్రాళ్లకు ఇప్పుడు సైకిళ్లు ఇస్తున్నారని విన్నాను. సంతోషం. నాకు ఇచ్చినవి ఒక జపమాల, ఒక గొడుగు, దివిసీమ. గొడుగును మొదటి గాలివానే బంగాళాఖాతంలోకి పట్టుకుపోయింది. జపమాలను ఎలుకలు కొరికాయి. దివిసీమ మాత్రం ఇప్పటికీ నా కాలి గోళ్లలో ఉంది.

ఆ బురద సంగతి మీకు తెలియదు. ఎద్దు దిగబడితే పైన కనిపించే కొమ్ముల్ని బట్టి అది ఎవరి ఎద్దో పోల్చుకునేవాళ్లం. మడ అడవి దోమలు ఒక్కటొక్కటిగా వచ్చి కుట్టేవి కావు, మనిషిని మోసుకుపోవడానికి జట్లు కట్టుకుని వచ్చేవి. ఇంకా వయసుండగానే పని మానుకుని బందరులో అరుగెక్కి కూర్చున్నానంటే, నా మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి మరి.

మా కతోలిక సంఘంలో ఫాదరుగారు ఊరూరా కాపురం ఉండరు. దారి ఆరినప్పుడు వస్తారు, పూజ చేస్తారు, వెళ్తారు. మిగతా రోజులన్నీ ఊళ్లో ఉండేది ఉపదేశి. జపాలు నేర్పాలి. జ్ఞానస్నానానికి మనుషుల్ని సిద్ధం చేయాలి. చావుబతుకుల్లో ఉన్నవాడి మంచం పక్కన కూర్చోవాలి, పోతే పాతిపెట్టాలి. మొగుడూ పెళ్లాల తగువు తీర్చాలి. తప్పిపోయిన గేదెను వెతకాలి, దొరక్కపోతే ఆ ఇంటివాళ్ల చేత పోయినవి దొరికించే పునీత అంతోనివారికి మొక్కించాలి. జీతం సంగతి అడక్కండి, అది దేవుడికీ నాకూ మధ్య రహస్యం.

ఈ పనిలో నేను చూసినవన్నీ రాస్తే బందరు కాలవ సిరాగా మారినా చాలదు. అందుకని ఒక్క సంగతే రాస్తాను. నా నోరు మూతపడిన సంగతి. నా నోరు మూతపడటమంటే కృష్ణ వెనక్కి పారడమేనని మా ఆవిడ అంటుంది.

పందెం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నన్ను నాగాయలంక దిగువన ఒక ఊరికి వేశారు. పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అక్కడ మా గుడిసె గుడికి ఎదురుగానే బాప్టిస్టుల పెంకుటింటి చర్చి. దాని పాస్టరు జెకర్యాగారు. సన్నగా, తెల్లగా ఉతికిన పంచెతో, మడత నలగని కండువాతో ఉండేవారు. ఆ బురదలో అంత తెల్లగా ఎలా ఉండేవారో అదొక అద్భుతం. ఆయన సంఘంలో మనిషిని నిలువునా నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అదీ తెలివి తెలిసి, విశ్వసించి, తన నోటితో ఒప్పుకున్నవాళ్లకే. జ్ఞానస్నానమని మేం పసిబిడ్డల తలమీద నీళ్లు పోయడం ఆయనకు ఉయ్యాల్లో పిల్లాడి చేత ఓటు వేయించినట్టుండేది.

కోతలు అయ్యాక సాయంత్రాలు మా ఇద్దరికీ వాదన. ఊరు ఊరంతా వచ్చేది. హిందువులే ఎక్కువ. మునసబుగారు నులకమంచం వేయించుకుని మధ్యవర్తిగా కూర్చునేవారు. నా గొంతు ఏరు దాటి రేపల్లె స్టేషన్లో రైలును ఆపిందని చెప్పుకునేవాళ్లు. చెప్పుకున్నవాణ్ణి నేనే.

"ఇన్నయ్యగారూ," అని మొదలెట్టేవారు పాస్టరుగారు, "రక్షణ ఉచితమండీ. కృప. చెయ్యి చాచి విశ్వాసంతో పుచ్చుకోవడమే మన వంతు. మీ కొవ్వొత్తులూ ఉపవాసాలూ యాత్రలూ, ఇవన్నీ దేవుడికి లంచాలు కాదుటండీ?"

"చెయ్యి చాచి ఎంతసేపు కూర్చుంటారండీ?" అనేవాణ్ణి నేను. "పక్కింట్లో పొయ్యి వెలగలేదనుకోండి. మీ నమ్మకాన్ని వండి పెడతారా?"

"వండి పెడతామండీ. స్వర్గం కొనుక్కోవడానికి మాత్రం కాదు!"

"మేం మాత్రం కొంటున్నామా? దుకాణం ఎక్కడుందో చూపించండి!"

బైబిల్లో విశ్వాసం వల్లే రక్షణ అన్న పౌలుగారు ఆయన తరఫు వకీలు, పనులు లేని విశ్వాసం చచ్చిందే అన్న యాకోబుగారు నా తరఫు వకీలు. ఇద్దరూ పరలోకంలో పక్కపక్కనే కూర్చుని మమ్మల్ని చూసి తలలు బాదుకుని ఉంటారు. చివరికి మునసబుగారు లేచి, "ఈ పూట పాస్టరుగారిదే పైచేయి," అనో, "ఇన్నయ్య గట్టిగా అరిచాడు కాబట్టి ఇన్నయ్యది," అనో తీర్పు చెప్పి దుప్పటి దులుపుకునేవారు.

కుర్రాళ్లూ, ఇందులో ఒక గుట్టు ఉంది. ఎంత చేసినా దేవుడి అనుగ్రహం లేకుండా మోక్షం రాదని మా ఉపదేశంలోనూ ఉంది. అసలైన విశ్వాసం మంచి పని చేయకుండా ఊరుకోలేదని వాళ్ల ఉపదేశంలోనూ ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలుసని ఒప్పుకుంటే పందెం ఎలా సాగుతుంది?

లూకా ఫాదరుగారు

నా పైఅధికారి లూకా ఫాదరుగారు ఇటలీ మనిషి. తాటిచెట్టుకు గడ్డం మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేవారు. తెలుగు ఏ పండితుడి దగ్గర నేర్చుకున్నారో, బురదలో జారి పడ్డా "అయ్యో, నేను పడిపోతిని" అనేవారు. పడిపోవడం తరచూ జరిగేది. పాపసంకీర్తనం వినడానికి కూర్చుంటే మాత్రం కదిలేవారు కాదు. మా జనం తమ పాపాలు కొంచెంగా, పక్కింటివాళ్ల పాపాలు వివరంగా చెప్పేవాళ్లు. ఆయన అన్నీ విని, "ఇప్పుడు మీవి చెప్పుడు," అనేవారు.

ఆయన కింద పనిచేయడం కష్టం. నేను నూరు మాటల్లో చెప్పేదాన్ని మూడు మాటల్లో అడిగేవారు. ఒకసారి వచ్చి, "ప్రాణాపాయములో ఉన్న శిశువులకు జ్ఞానస్నానము ఎవరు ఇచ్చుచున్నారు?" అన్నారు. ఎవరూ ఇవ్వడం లేదు. ఆయన వచ్చేసరికి పిల్ల బతికైనా ఉండేది, లేదా మట్టిలోనైనా ఉండేది. అప్పుడు చెప్పారు, అవసరానికి ఎవరైనా ఇవ్వవచ్చునని. ఫాదరు కానక్కర్లేదు, కతోలికుడు కానక్కర్లేదు, క్రైస్తవుడే కానక్కర్లేదు. సంఘం ఏం తలచి చేస్తుందో అదే తలచి, మంచినీళ్లు తలమీద పోసి, పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట జ్ఞానస్నానపు వాక్యం పలికితే చాలు.

"మంత్రసానికి నేర్పుడు," అని చెప్పి, బయటికి వెళ్తూ గుమ్మంలో మరోసారి పడిపోతిని అన్నారు.

నాంచారమ్మకు పాఠం

ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన ప్రతి ప్రాణీ నాంచారమ్మ చేతుల్లోకే పుట్టేది. ఆమె హిందువు. నోట్లో ఎప్పుడూ తమలపాకు, మగవాళ్లంటే లెక్కలేనితనం, తాళ్లు పేనినట్టుండే చేతులు. మునసబుగారిని కూడా "ఒరే అబ్బాయ్" అనేది. ఆయన్ని లోకంలోకి లాగింది ఈమె తల్లి, ఆ హక్కు వారసత్వంగా వచ్చింది.

నేను పాఠం చెప్పాను. వాక్యం రెండు సార్లకే వచ్చేసింది. అక్కడితో ఆపితే బాగుండేది. కానీ మీసాలు దువ్వుకోకుండా ఉండలేనివాడు ఉన్నట్టే, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేనివాళ్లూ ఉంటారు. ఆ రోజుల్లో మా ఉపదేశంలో, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్లు బాధ లేకుండానే, దేవుడి ముఖం చూడని ఒక చోట ఉంటారనేవాళ్లు. నేను ఆ చోటికి చీకటి చేర్చాను. చలి చేర్చాను. జెర్రులూ తేళ్లూ చేర్చాను. తల్లి కోసం ఏడ్చే పిల్లల గోల కూడా చేర్చాను.

నాంచారమ్మ నమలడం ఆపేసింది. "ఈ నీళ్లు పోస్తే?"

"దేవుడి ఒళ్లోకే."

"ఎప్పుడు పొయ్యాలి?"

"బిడ్డ బతకదు అనిపిస్తే."

"ఏ బిడ్డ బతుకుద్దో పుట్టంగానే ఎట్టా తెలుస్తదయ్యా? నెల నిండిందాకా అన్నీ చచ్చే బిడ్డలే కదా?"

జవాబు తెలిసినవాడిలా గంభీరంగా తలూపాను. ఉపదేశులు తలూపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

వానలు గడిచి దారి ఆరాక ఫాదరుగారు మళ్లీ వచ్చి ఆమెను పిలిచి, ఎవరెవరికి ఇచ్చావని అడిగారు. ఆమె గుడి ముందు నిలబడి చెయ్యి చాచి చూపించడం మొదలెట్టింది. ఈ చౌరయ్య మనవడు. ఆ మూలింటి అన్నమ్మ పిల్ల. బాగానే ఉంది. తర్వాత కరణంగారి మనవడు. శివాలయం పూజారిగారి కవలలు. మునసబుగారి చిన్న కోడలి కూతురు. చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది, ఊరు అయిపోయింది, పక్క ఊరివైపు తిరిగింది.

ఫాదరుగారు నులకమంచం మీద కూలబడ్డారు. రోమునగరం తర్వాత కతోలికులు అంత దట్టంగా ఉన్న ఊరు భూమ్మీద మాదేనని నాకు అప్పుడే తట్టింది.

"ఎందుకమ్మా? వీరు మన వారు కారే!"

"ఒకళ్లకు పోసి ఒకళ్లకు మానుకుంటే, పొయ్యని బిడ్డ ఉసురు నాకు తగలదా సామీ? నీళ్లేగా. ఏరంతా ఉన్నయ్యి." అని, ఎదురుగా ఉన్న పెంకుటింటివైపు చూపించి గొంతు తగ్గించింది. "పాస్టరుగారి ఎస్తేరమ్మ బిడ్డకూ పోశా. పాపం, అది మిగల్లేదు."

పాస్టరుగారి ప్రశ్న

ఎస్తేరు పాస్టరుగారి ఒక్కతే కూతురు. తల్లి లేదు. గుడివాడలో బడిపంతులుకు ఇచ్చారు. తొలిచూలు పురుటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం ఆగక స్పృహ పోయింది. పాస్టరుగారు డాక్టరు కోసం అవనిగడ్డ పరుగెత్తారు. ఆయన తిరిగొచ్చేసరికి తల్లి దక్కింది, పిల్ల దక్కలేదు.

అప్పటినుంచి ఎస్తేరు గోడవైపు తిరిగి పడుకునేది. తింటే తినేది, లేకపోతే లేదు. చర్చికి రాదు. గుడివాడ వెళ్లదు. మొగుడు వచ్చి, గుమ్మంలో కూర్చుని, వెళ్లిపోయేవాడు. ఆ ఏడాది మా వాదనలు ఆగిపోయాయి. మునసబుగారు కూడా అడగలేదు.

నాంచారమ్మ మాట గాలికంటే వేగంగా ఎదురింటికి చేరింది. ఆ మధ్యాహ్నమే పాస్టరుగారు మా గుడిసెకు వచ్చారు. మొదటిసారి. నేను యుద్ధానికి నడుం బిగించాను. వాళ్ల సంఘపు పాస్టరు మనవరాలికి మా జ్ఞానస్నానం! ఈ ఒక్కదానికి ఎన్ని సాయంత్రాల వాదన ఉందో లెక్కేసుకుంటున్నాను. చూస్తే ఆయన కండువా మడత నలిగి ఉంది.

"ఫాదరుగారూ, మీరంతా చెప్పేది నేను ఒప్పుకోను," అన్నారు నిలబడే. "నీళ్లు నీళ్లేనండీ. పసిబిడ్డల్ని ప్రభువు తన దయకొద్దీ చేర్చుకుంటాడని నేను నమ్ముతాను. అదే చెప్పాను నా బిడ్డకు. అదేమందో తెలుసా? 'నాన్నా, విశ్వసించినవాళ్లకే రక్షణ అని ప్రతి ఆదివారం మీరే అంటారు కదా. అది కళ్లన్నా తెరవలేదు. ఏం విశ్వసించింది?' అంది. ఇన్నేళ్ల నా ప్రసంగాలన్నీ మూటగట్టి నా చేతికే ఇచ్చింది. మీ సంఘం ఉపదేశం ప్రకారం నా మనవరాలు ఎక్కడ ఉందండీ?"

"దేవుని సన్నిధిలో ఉన్నది," అన్నారు లూకా ఫాదరుగారు. "ఒక్క క్షణమైనను ఆలస్యము లేదు."

"అదేం విశ్వసించకుండానే?"

"ఏమియు విశ్వసించలేదు."

"ఏ పుణ్యమూ చేయకుండానే?"

"ఏమి చేయగలదు? అది కడుపారా ఏడ్వనైనా లేదు."

"పోసినామెకు మీ మతం మీద నమ్మకమే లేదే!"

"అక్కరలేదు. పోసినది ఆమె చేయి. ఇచ్చినది ఆమె కాదు, మేము కాదు. ఊరకనే ఇవ్వబడినది."

పాస్టరుగారు అప్పుడు కూర్చున్నారు. "ఉచితంగా," అన్నారు.

"ఉచితముగా."

"ఆ మాట నాది కదండీ," అన్నారు పాస్టరుగారు. "ఇన్నయ్యగారితో గొంతు చించుకుని చెప్పిన మాట అదే కదా."

నేను అక్కడే ఉన్నాను. యాకోబుగారు గానీ, మరే వకీలు గానీ ఒక్కరూ నా సాయానికి రాలేదు. నేను పిలవనూ లేదు.

ఎస్తేరు గది

అయినా లూకా ఫాదరుగారు అక్కడితో వదల్లేదు. తల్లిదండ్రుల ఇష్టం తెలుసుకోకుండా ఇలా చేయకూడదు, ఆ తల్లికి క్షమాపణ చెప్పి తీరాలి అన్నారు. "అది ఎవరితోనూ మాట్లాడదండీ," అన్నారు పాస్టరుగారు. "మనము మాట్లాడెదము," అని ఫాదరుగారు లేచారు. నాంచారమ్మను కూడా రమ్మన్నాం. "నీళ్లు పోస్తే తప్పయితే, ఊరికొచ్చిన వానను కూడా జైల్లో పెట్టండి," అని సణుగుతూనే వచ్చింది.

ఎస్తేరు గోడవైపు తిరిగి ఉంది. ఫాదరుగారు గుమ్మం బయటే నిలబడి, తల వంచి, తన పుస్తకం తెలుగులో క్షమాపణ చెప్పారు. ఎస్తేరు కదల్లేదు. నేనేదో చెప్పబోయాను, రాలేదు. అప్పుడు నాంచారమ్మ మా ఇద్దర్నీ పక్కకు నెట్టి లోపలికి పోయి నేలమీద కూర్చుంది.

"నువ్వు ఒళ్లు తెలీకుండా ఉన్నావమ్మా. పిల్ల నా ఒళ్లో ఉంది. పోతదని తెలుస్తానే ఉంది. చెంబులో నీళ్లు తీసి తలమీద పోశా. ఆ మాటలు అన్నా. కళ్లు తెరిచింది."

ఎస్తేరు ఇటు తిరిగింది.

"తెరిచిందా?"

"తెరిచి చూసింది. నన్నే. ఎదురుగా నేనేగా ఉంది! ఒక బొట్టు నుదుటి మీంచి జారి ముక్కు పక్కన దిగింది. నాలిక చాపి చప్పరించింది."

"చప్పరించిందా?"

"ఇట్టా." నాంచారమ్మ తమలపాకుతో ఎర్రబడ్డ నాలిక కొస బయటపెట్టి పెదవి తడుపుకుంది. "బాగుందనుకుందో ఏమో, మళ్లీ చాపింది. రెండో బొట్టు నేనే వేలితో వేశా."

ఎస్తేరు లేచి కూర్చుంది. ఇన్నాళ్లూ ఎస్తేరును తినేసింది మేం వాదించుకున్నదేదీ కాదని అప్పుడు తెలిసింది. "ఒక్క చుక్క కూడా దాని నోట్లో పడకుండా పోయిందనుకున్నాను," అంది. "పాలు తర్వాత వచ్చాయి నాంచారమ్మా. దుప్పట్లన్నీ తడిసిపోయాయి. అదేమో ఎండు నోటితో పోయిందనుకున్నాను." ఇక ఏడుపు. ఆ ఏడుపును కొలవడానికి నా దగ్గర ఉన్న కొలతలేవీ సరిపోవు. నాంచారమ్మ ఆమె తల ఒళ్లోకి లాక్కుంది.

పాస్టరుగారూ లూకా ఫాదరుగారూ గుమ్మం బయట పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు. అంత మంచి పని వాళ్లు చేయగా నేను మరెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఎస్తేరు అన్నం అడిగింది. నెల తిరక్కముందే గుడివాడ వెళ్లింది.

రెండో పురుడు

కొన్నేళ్లకు ఎస్తేరు మళ్లీ పురుటికి వచ్చింది. గుడివాడలో ఆస్పత్రి ఉంది కదమ్మా అంటే వినలేదు, నాంచారమ్మే కావాలంది. ఈసారి పాస్టరుగారు అవనిగడ్డ నుంచి నర్సమ్మను కూడా ముందే తెచ్చి కూర్చోబెట్టారు. అడగకుండా ఎవరి తలమీదా నీళ్లు పోయకూడదని నాంచారమ్మ చేత ఫాదరుగారు ఒట్టు వేయించుకుని ఉన్నారు. ఆమె దాన్ని నిలబెట్టుకుంటోంది, మూతి ముడుచుకుని.

తెల్లవారి ఎండ అరుగుమీదికి వచ్చేవేళ నేనూ పాస్టరుగారూ అక్కడ కూర్చుని ఉన్నాం. లోపల కేక. తర్వాత పిల్లవాడి కేక. ఆ గొంతు నా గొంతుకంటే పెద్దది, నేను ఓడిపోయానని వెంటనే ఒప్పుకున్నాను.

తలుపు సందులోంచి నాంచారమ్మ గొంతు వినిపించింది. "మగపిల్లాడు! బండరాయిలా ఉన్నాడు! వీడికి నీళ్లూ గీళ్లూ అక్కర్లేదులే."

ఎస్తేరు గొంతు సన్నగా, గట్టిగా వచ్చింది. "తలమీద వద్దు నాంచారమ్మా. నాన్నకు కష్టం. నోట్లో ఒక్క బొట్టు వెయ్యి. అక్కకు వేసినట్టు."

పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు.

"ఈ బొట్టు మీ సంఘం లెక్కలో ఏమవుతుందండీ?" అని నెమ్మదిగా అడిగాను.

"ఏమీ కాదు. మీ దగ్గర?"

"మా దగ్గరా ఏమీ కాదండీ."

కాసేపటికి నాంచారమ్మ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది, మిగిలిన నీళ్లు పెరట్లో పారబోయడానికి. పాస్టరుగారు చెయ్యి చాచారు.

"ఇటివ్వు."

"పురిటి గదిలో నీళ్లయ్యా! తాగుతారా ఎవరన్నా?"

"ఇవ్వు నాంచారమ్మా."

ఆయన సగం తాగి చెంబు నాకిచ్చారు. నేను మిగతా సగం తాగాను. నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయి. మా దివిసీమలో నీళ్లన్నీ అంతే.